వచ్చినవాళ్ల గుట్టు: బూత్ నుంచి బ్రౌజర్ దాకా

“నువ్వు స్విచ్ బంద్ జేస్తె ఏమైతది అవ్వా? మల్ల ఆన్ జేస్తె అన్నీ అట్లనే ఉంటయి.”

“అట్లనే ఉంటయని నాకు గూడ ఎరుకే. అందుకే తీసెయ్‌మంటున్న.”

“తీసేస్తె రేపు యాదగిరి మామ వస్తడు. ‘బిడ్డా, మా చేపల సంఘం కాయితం తెరువు’ అంటడు. పాస్‌వర్డ్ చెప్పు మామా అంటె, ‘అది నీ డబ్బాలనే ఉంది గదా’ అంటడు. అప్పుడు నేనేం జెప్పాలె?”

“నా డబ్బా నీ తాళంచెవులు దాసే పెట్టె గాదని జెప్పు.”

“చెప్తె పక్క దుకాణానికి పోతడు.”

“పోనియ్యి.”

“నీకేంది, పోనియ్యి అంటవు. నువ్వు పని ఇడిసిపెట్టి కూసున్నవు. దుకాణం నడుపుతున్నది నేను.”

ఆ మాట నిజమే.

ఈ గొడవ జరిగింది మేడ్చల్ బస్టాండు దగ్గరి సందులో, మా నెట్ సెంటర్‌లో, సాయంత్రం షట్టర్ సగం దించాక. నాతో వాదిస్తున్నది నా మనవరాలు స్రవంతి. నేను పని మానుకున్నప్పటి నుంచి దుకాణం ఆమెదే. నేను మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, చీకటి పడేలోపు ఇంటికి పోతాను. ఆ రోజు మాత్రం పోలేదు.

కారణం సురేశ్. అలియాబాద్ కుర్రవాడు, కూరగాయల ట్రాలీ ఆటో నడుపుతాడు. లైసెన్సు పని మీద వచ్చి రెండో మిషన్ ముందు కూర్చున్నాడు. తన మెయిల్ తెరవడానికి పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టాడో లేదో, కింద ఇంకో పేరు వచ్చి నిలబడింది. ఆ పేరు ఆయన చెల్లెలు సునీతది. గుండ్లపోచంపల్లి గోదాములో ప్యాకింగ్ పని చేస్తుంది. డ్యూటీ దిగాక మా దగ్గరికి వచ్చి, ఆ మిషన్ మీదే మెయిల్ చూసుకునిపోతుంది.

“గిది మా సునీత పేరు గదా. గిక్కడికెందుకొచ్చింది?” అన్నాడు సురేశ్. అంటూనే ఆ పేరు మీద నొక్కాడు. కింద గడిలో నల్ల చుక్కలు వరసగా వచ్చాయి. పాస్‌వర్డ్ దానంతటదే నిండిపోయింది. ఇక ఒక్క నొక్కు నొక్కితే ఆ పిల్ల ఉత్తరాలన్నీ ఆయన ముందు పరుచుకుంటాయి.

స్రవంతి జిరాక్స్ మిషన్ దగ్గర ఉంది. నేను లేచి ఆ బల్ల స్విచ్ కట్టేశాను.

“కరెంటు పోయింది” అన్నాను.

సురేశ్ పైకి చూశాడు. “ఫ్యాన్ తిరుగుతాంది గదా అవ్వా.”

“ఫ్యాన్ లైన్ వేరే.”

ఆయన నన్ను చూశాడు, ఫ్యాన్‌ను చూశాడు. “సరే, పొద్దుగాల వస్త” అని లేచిపోయాడు.

సునీత సంగతి మాకు కొంత తెలుసు. ల్యాబ్ పని నేర్పే చోట, హాస్టల్‌లో ఉండి ఏడాది చదివే సీటుకు దరఖాస్తు పెట్టింది. ఫారం నింపింది స్రవంతే. సీటు వచ్చినట్టు మెయిల్ వచ్చింది. ఆ కాయితం తీసుకుని సోమవారం పోయి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతుందని దుకాణానికి వచ్చి చూసుకుంటోంది. ఆమె మంచి చేస్తోందా చెడు చేస్తోందా అని నేను అడగలేదు. అది నా పని కాదు. నా పని ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బూత్‌లో నేర్చినది

నేను చదివింది నాలుగో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు అక్షరాలను బొమ్మల్లా గుర్తుపడతాను. పనిలోకి దిగింది సుచిత్ర చౌరస్తా దగ్గరి ఎస్టీడీ బూత్‌లో. అద్దాల గదిలో ఫోను, బయట బల్ల మీద నేను, నా ముందు బిల్లు కొట్టే చిన్న మిషను. మనుషులు వచ్చి మాట్లాడి పోయేవాళ్లు. కూర్చుని బిల్లు తీసుకోవడమే పని అని మొదట అనుకున్నాను.

ఒక రోజు ఒకామె వచ్చి పుట్టింటికి ఫోన్ చేసి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని పోయింది. ఆమె మలుపు తిరిగిందో లేదో మొగుడు వచ్చాడు. నన్ను ఏమీ అడగలేదు. గదిలోకి పోయి ఫోను ఎత్తి, ముందు కొట్టిన నంబరునే మళ్లీ కలిపే బటన్ నొక్కాడు. అవతల ఆమె తమ్ముడు ఎత్తాడు. ఈయన మాట్లాడలేదు. విని, పెట్టేసి, ఒక నవ్వు నవ్వి పోయాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. ఆమె మళ్లీ మా బూత్‌కు రాలేదు.

ఆ తర్వాత నేనొక అలవాటు పెట్టుకున్నాను. ఎవరు మాట్లాడి బయటికి వచ్చినా, నేను లోపలికి పోయి, ఫోను ఎత్తి, ఒక్క సున్నా నొక్కి పెట్టేసేదాన్ని. తర్వాత ఎవరు ఆ బటన్ నొక్కినా సున్నానే పోతుంది. పైసా ఖర్చు లేదు. బిల్లు చీటీ మీద నంబరు అచ్చు అవుతుంది కాబట్టి, దాన్ని గుమ్మం దగ్గర పారేసి పోతే ఏరి చించేదాన్ని.

కొందరు నవ్వేవాళ్లు. “ఏంది గట్ల ఉత్తగనే ఫోన్ ఎత్తి పెడ్తున్నవు?” అని. “దుమ్ము దులుపుతున్న” అనేదాన్ని.

కంప్యూటర్లు వచ్చాక నాకు కొత్తగా అర్థం చేసుకోవాల్సింది పెద్దగా ఏమీ కనబడలేదు. బ్రౌజర్ అన్నది ఆ అద్దాల గదే. మనిషి లోపలికి పోతాడు, ఎవరితోనో మాట్లాడతాడు, బయటికి వస్తాడు. తేడా ఒక్కటే. ఫోను ఒక్క నంబరే గుర్తుపెట్టుకునేది. ఇది వచ్చినవాళ్లందరినీ గుర్తుపెట్టుకుంటుంది, ఏం చూశారో, ఏం వెతికారో, ఏ తాళంతో ఏ తలుపు తీశారో అంతా. మనం వద్దని చెప్పేదాకా పెట్టుకుంటూనే ఉంటుంది.

సేటు

బూత్ మా సేటుది. ఫోన్ల బేరం తగ్గగానే అద్దాల గదులు పీకించి కంప్యూటర్లు పెట్టించాడు. నన్ను తీసెయ్యకుండా ఉంచాడు. మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అందుకు ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత ఉంది.

కానీ ఆయనకొక అలవాటు ఉండేది. సాయంత్రం బేరం సన్నగిల్లగానే ఒక్కో మిషన్ ముందు కూర్చుని, ఆ రోజు ఎవరెవరు ఏం చూశారో తీసి చదివేవాడు. “గీ పెద్దమనిషిని సూడు, పొద్దున నామాలు పెట్టుకోని వచ్చి ఏం సూసిండో” అని పగలబడి నవ్వేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా ఏమీ గుంజలేదు, ఎవరినీ బెదిరించలేదు. ఊసుపోక చేసేవాడు. అయినా నా తీర్పు నేను చెప్తాను. ఈ పనిలో దొంగ కన్నా ఊసుపోని మనిషి ఎక్కువ నష్టం చేస్తాడు. దొంగ వచ్చిపోయాడని ఎప్పటికైనా తెలుస్తుంది. ఊసుపోనివాడి నోట్లోంచి మాట ఎప్పుడు జారిందో ఎవరికీ తెలియదు. ఆ నామాల పెద్దమనిషిని చాయ్ కొట్టు దగ్గర అందరూ ఎందుకు నవ్వుతూ చూస్తున్నారో ఆయనకు తెలియదు, పాపం.

సేటుదే ఇంకో సంగతి. జిరాక్స్ పాడైన కాయితాలను పక్కన మిర్చి బజ్జీల బండికి ఇచ్చేవాడు. కాయితం దండుగ కాదు, మనకు సాయంత్రం బజ్జీలు వస్తాయి. నాకూ అది పొదుపుగానే తోచింది. నేను కాయితం వెనకవైపు వాడకుండా పారేసే మనిషిని కాదు. ఒకరోజు ఒకాయన బజ్జీల పొట్లం పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. పొట్లం విప్పితే లోపల ఆయన భార్య ఆస్పత్రి కాయితం. నూనె మరకల మధ్య రోగం పేరు చక్కగా చదవొచ్చు.

సేటు “గలతీ అయింది భయ్యా” అన్నాడు. ఆయన బజ్జీలు అక్కడే బల్ల మీద పెట్టి, కాయితం మాత్రం మడిచి తీసుకుని పోయాడు. కొట్టినా బాగుండేదనిపించింది.

పొదుపు మంచిదే. నేను ఇప్పటికీ సబ్బు ముక్క అరిగేదాకా వాడతాను. కానీ పొదుపు మన సొమ్ములో చెయ్యాలి. వాళ్ల కాయితం మన సొమ్ము కాదు. అప్పటి నుంచి పాడైన కాయితం నిలువునా, అడ్డంగా చించి నీళ్ల బకెట్లో వేసేవాళ్లం.

ఉత్తగ ఇచ్చేవాడు

సేటు పెద్దవాడై దుకాణం మూసేశాక, పాత మిషన్లు నేనే తీసుకుని మేడ్చల్‌లో పెట్టుకున్నాను. పెట్టిన కొత్తలో ఒకడు వచ్చాడు. ఇన్ షర్టు, మెడలో కంపెనీ కార్డు తాడు, చేతిలో పెన్ డ్రైవ్.

“అమ్మా, మా బ్రౌజర్ మస్తు జల్దీ నడుస్తది. ఉత్తగనే ఏసి పోత. మీరు పైసా పెట్టేది లేదు.”

“మరి నీకేం వస్తది?”

“మాకేం లేదమ్మా. కస్టమర్లు దాంట్ల తిరిగితె చాలు.”

నేను ఆయనకు మంచినీళ్లు ఇచ్చి పంపేశాను. పెట్రోలు పోసుకుని బండి మీద ఊరూరా తిరిగి ఉత్తగా ఏదో పెట్టిపోయేవాడి ఇల్లు ఎట్లా గడుస్తుంది? అది చెప్పకపోతే ఆ సరుకు నాకు వద్దు. రెండు సందుల అవతల ఒకాయన వేయించుకున్నాడు. కొన్నాళ్లకు ఆ మిషన్లలో ఏది తెరిచినా ముందు లాటరీ బొమ్మలు వచ్చేవి. బ్యాంకు పేరు కొడితే బ్యాంకులాగే ఉండే ఇంకేదో వచ్చేది. అన్నీ తుడిచి మళ్లీ మొదటి నుంచి వేయించుకునేదాకా ఆయన బాగా పరేషాన్ అయ్యాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు అందుకే చెప్తున్నాను. బ్రౌజర్ తెచ్చుకుంటే దాన్ని చేసినవాళ్ల సొంత చోటి నుంచే తెచ్చుకోండి. పెన్ డ్రైవ్‌లో వచ్చింది, వెతికితే అన్నిటికన్నా పైన ప్రకటనగా కనబడింది, వాట్సాప్‌లో ఎవరో పంపింది, ఏదీ వద్దు.

ఏది పెట్టుకోవాలి

పేరు చెప్పమని అడుగుతారు. చెప్పను. పేర్లు మారతాయి, చేతులు మారతాయి, నిన్న మంచిదైనది రేపు మంచిదిగా ఉంటుందని లేదు. నేను అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు.

మొదటిది పైన చెప్పాను, దీన్ని నడిపేవాళ్లకు కూడు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రకటనలు అమ్ముకుని బతికేవాళ్లు చేసిన బ్రౌజర్ మనం ఎటు తిరుగుతున్నామో చూడకుండా ఉండదు. అది వాళ్ల వ్యాపారం, తిట్టి లాభం లేదు. ఎంత చూస్తుందో తెలుసుకుని పెట్టుకోవాలి, లేదా వేరేది వెతుక్కోవాలి. చందాలతో నడిచేవి ఉన్నాయి, లోపలి పనితనం ఎవరైనా విప్పి చూసుకునేట్టు బయట పెట్టినవి ఉన్నాయి. ఆ రాత నాకు అర్థం కాదు. కానీ అర్థమయ్యేవాళ్లు పదిమంది చూస్తున్నారంటే కొంత ధైర్యం. వంటింటి తలుపు తీసి ఉంచిన హోటల్‌లో తినడం లాంటిది.

రెండోది రిపేరు. గుట్టు బాగా దాస్తుందని పేరున్న బ్రౌజర్ ఒకటి స్రవంతి మెచ్చి తెచ్చింది. చూస్తే దానికి చాలా నెలలుగా ఎవరూ మరమ్మతు పెట్టలేదు. వద్దన్నాను. గోడ ఎంత ఎత్తుగా కట్టినా కప్పు కారుతుంటే కాపురం చెయ్యలేం. అప్‌డేట్ అడిగితే “తర్వాత” అని నొక్కేవాళ్లు కూడా ఇది వినాలి. ఆ “తర్వాత” మీద నొక్కుతూ నొక్కుతూ ఖాతాలో పైసలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మూడోది, మూసేటప్పుడు అన్నీ మరిచిపోతుందా? మా లాంటి దుకాణానికి ఇదే ముఖ్యం. సొంత ఇంట్లో, సొంత మిషన్ మీద అయితే గుర్తుపెట్టుకోనివ్వండి, తప్పులేదు. పదిమంది కూర్చునే కుర్చీలో వద్దు. కొన్ని బ్రౌజర్లు అడగకుండానే ప్రకటనల గూఢచారులను ఆపుతాయి, కొన్నిటికి మనం సెట్టింగుల్లోకి పోయి చెప్పాలి. ఆ సెట్టింగులు చదవడానికి బద్ధకించేవాళ్లు ఏ బ్రౌజర్ పెట్టుకున్నా ఒకటే.

ప్రైవేట్ విండో గురించి కూడా చెప్పాలి. ఒక కంపెనీ ఉద్యోగి వచ్చి, “ఆఫీసుల గీ నల్ల విండో తెరిచి పనిజేసుకుంట అవ్వా, ఎవ్వరికీ తెల్వదు” అని గర్వంగా చెప్పాడు. తర్వాత వాళ్ల ఆఫీసువాళ్లు ఆయన ఏ వేళకు ఏ చోటికి పోయాడో ఆయన ముందే చదివి వినిపించారు. నల్ల విండో నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడి నుంచి దాస్తుంది, అంతే. నెట్ ఇచ్చినవాడికి, నువ్వు పోయిన చోటివాడికి, ఆఫీసు మిషన్ అయితే ఆఫీసుకు, నువ్వు కనబడుతూనే ఉంటావు. పైన అడ్రసు పక్కన కనబడే తాళం గుర్తు కూడా అంతే. దారి భద్రమని చెప్తుంది. దారి చివర ఇంట్లో ఉన్నది దొరో దొంగో అది చెప్పదు.

ఇంక బ్రౌజర్‌కు పక్కన తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు, ఎక్స్‌టెన్షన్లు అంటారు. కూపన్లు వెతికేది, తెర రంగు మార్చేది, వీడియోలు దింపేది. పనివాళ్లను పెట్టుకున్నట్టు అదొకటి ఇదొకటి పెట్టుకుంటారు. ప్రతిదానికీ ఇంట్లో అన్ని గదులూ తిరిగే హక్కు ఇస్తున్నామని చూసుకోరు. ఒకటి రెండు చాలు. మిగిలినవి పీకెయ్యండి.

ఆ సాయంత్రం తేలినది

ఇవన్నీ తెలిసి కూడా మా దుకాణంలో పాస్‌వర్డ్‌లు ఎందుకు దాగి ఉన్నాయంటారా? స్రవంతి చేతికి వచ్చాక అలవాటైంది. పాస్‌వర్డ్ మరిచిపోయే కస్టమర్లతో వేగలేక, గుర్తుపెట్టుకోమంటావా అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా సరే అని నొక్కింది. దాంతో బేరం పెరిగింది కూడా. “స్రవంతి దగ్గర అయితె పేరు చెప్తె చాలు, తెరుచుకుంటది” అని శామీర్‌పేట నుంచి కూడా వచ్చేవాళ్లు. చెరువులో చేపలు పట్టే యాదగిరి అట్లా వచ్చినవాడే. మా పిల్ల కష్టం నాకు తెలియదని కాదు.

“సరే, సునీతదొక్కటే తీసేస్త” అంది స్రవంతి.

“ఇయ్యాల సునీతది తీస్తవు. రేపు ఇంకొకరి అన్న వస్తడు.”

“ప్రతోళ్లకూ అన్నలుంటరా?”

“అన్న లేకుంటె మొగుడుంటడు. మొగుడు లేకుంటె పక్కింటోడుంటడు.” కొంచెం ఆగి అడిగాను. “ఒక మాట చెప్పు పిల్లా. గా నల్ల చుక్కల కింద ఏమున్నదో మనకు కనబడ్తదా?”

“కనబడ్తది. సెట్టింగుల్లకు పోతె.”

“అందరిదా?”

“అందరిది.”

“నువ్వు సూసినవా?”

“లేదవ్వా.” గొంతు తగ్గింది. “యాదగిరి మామది ఒక్కసారి సూసిన. ఆయనే అడిగిండు.”

సేటు ఒక్కో మిషన్ ముందు కూర్చుని నవ్వడం నా కళ్ల ముందు మెదిలింది. స్రవంతి సేటు లాంటిది కాదు. కానీ రేపు ఈ దుకాణంలో ఎవరు కూర్చుంటారో నాకేం తెలుసు? ఆ సేటు సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, అప్పుడు చెప్పాను. బజ్జీల పొట్లం సంగతి కూడా.

తర్వాత అసలు చిక్కు ఆమే చెప్పింది. “ఇప్పుడే అన్నీ తుడిచేస్తె సునీత మునుగుతది అవ్వా. దానికి గూడ పాస్‌వర్డ్ యాదికి లేదు. మరిచిపోయిన అని నొక్కితె ఓటీపీ వాళ్ల అన్న ఫోన్‌కు పోతది. ఇంటర్‌ల చేరేటప్పుడు మెయిల్ జేసిచ్చింది సురేశ్ అన్ననే.”

అది నాకు తట్టలేదు. మా వైపు సగం ఇళ్లలో ఇంతే. ఆడపిల్ల పేరుతో ఏది తెరిచినా నంబరు మాత్రం బాపుదో అన్నదో ఇస్తారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, అప్పటికి ఆ పిల్లకు ఫోన్ ఉండదు. ఆ నంబరు అట్లాగే ఉండిపోతుంది. ఇప్పుడు తుడిస్తే సునీత కాయితం పోతుంది. తుడవకుండా ఉంచితే పొద్దున సురేశ్ వచ్చి కూర్చుంటాడు.

“యాదగిరికి ఓటీపీ ఎవరికి పోతది?”

“ఆయన ఫోన్‌కే. మిగిలినోళ్లది గూడ చాలామందిది అంతే. ఒక్కొక్కరికి అరగంట పడ్తది.”

“అయితె కూసోబెట్టి జెయ్యి. వాళ్లు కొట్టేటప్పుడు నువ్వు అటు తిరుగు. గుర్తులేదంటె వాళ్ల కాయితం మీద వాళ్లే రాసుకోని వాళ్ల జేబుల పెట్టుకుంటరు. మూస్తె అన్నీ మరిచిపోయే కొత్త బ్రౌజర్ గూడ పెట్టు.”

“కొన్ని గవర్నమెంటు సైట్లు కొత్త బ్రౌజర్ల తెరుచుకోవు అవ్వా. నేను సూసిన.”

ఇది కూడా నిజమే. ఈ సంగతిలో ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసు. పాత బ్రౌజర్ పూర్తిగా తీసెయ్యకూడదని, అట్లాంటి సైట్ల కోసమే ఉంచాలని, మూయగానే అదీ అన్నీ మరిచిపోయేట్టు పెట్టాలని ఆమే చెప్పింది. నేను సరే అన్నాను. సునీతను పొద్దున డ్యూటీకి పోయేముందే పట్టుకోవాలి, సురేశ్ రాకముందే. అది నా పని అన్నాను. షట్టర్ పూర్తిగా దించి ఇంటికి పోయాం.

తెల్లవారి

గోదాముల వ్యాను శామీర్‌పేట వైపు నుంచి వచ్చి, మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర ఆగి, ఇక్కడివాళ్లను ఎక్కించుకుని పోతుంది. నేను పోయి నిలబడ్డాను. వ్యాను ఆగగానే కిటికీలోంచి సునీత నన్ను చూసి, అడగకుండానే దిగింది. ముఖం తెల్లబోయి ఉంది.

“మా అన్న రాత్రి అడిగిండు అవ్వా, మేడ్చల్‌ల నెట్ దుకాణానికి పోతవా అని. అప్పుడప్పుడు పోత అన్న.”

“నడువు” అన్నాను. వ్యాను డ్రైవర్ గొణిగాడు. తర్వాతి వ్యానుకు వస్తుందని చెప్పాను.

స్రవంతి అప్పటికే షట్టర్ ఎత్తి, రెండో మిషన్ పెట్టి ఉంచింది. సునీత కూర్చుని, తన పేరు మీద నొక్కి, మెయిల్ తెరిచింది. సీటు కాయితం తీసింది. ప్రింటు వేడివేడిగా వస్తుంటే రెండు చేతులతో పట్టుకుంది.

“ఇగ పాస్‌వర్డ్ మార్చుకో” అంది స్రవంతి. “నీకు యాదికుండేటిది. మాకు చెప్పకు.” అని గోడవైపు తిరిగింది. నేనూ తిరిగాను. కీబోర్డు మెల్లగా, ఆగి ఆగి చప్పుడైంది.

“నంబరు గూడ నాది పెట్టుకుంట అక్కా.”

“పెట్టుకో. కానీ నంబరు మారిస్తె పాత నంబరుకు మెసేజ్ పోవచ్చు. ముందే చెప్తున్న.”

సునీత కాయితం వైపు చూసింది. “పోనీ” అంది. “కాయితం చేతికొచ్చింది గదా. ఇయ్యాల పొద్దుమీకి ఇంటికి పోయినంక నేనే ఇంట్ల చెప్త. నేను చెప్పకముందే ఎవరన్న సూసి చెప్తరనే భయం.” నంబరు మార్చింది. కాయితం మడిచి టిఫిన్ సంచిలో గిన్నె కింద పెట్టుకుని, తర్వాతి వ్యానుకు పోయింది.

ఆమె పోగానే స్రవంతి పాతదాంట్లో ఉన్నవన్నీ తుడిచేసింది. అన్ని మిషన్లలోనూ తుడిచింది. తెర మీద ముందు వరసలో కొత్త బ్రౌజర్ పెట్టింది. నేను చిక్కుడుకాయల సంచి ముందు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను.

సురేశ్ వచ్చాడు. నేరుగా రెండో మిషన్ దగ్గరికి పోయి కూర్చుని, పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాడు.

“నిన్న వచ్చింది గదా.”

“ఏం వచ్చింది అన్నా?” అంది స్రవంతి.

ఆయన నా వైపు చూశాడు. నేను చిక్కుడుకాయ ఈనె తీస్తున్నాను. ఆయన తన పేరు పూర్తిగా కొట్టి, పాస్‌వర్డ్ గడి దగ్గర ఆగిపోయాడు.

“నాది గూడ పోయిందా?”

“అందరిదీ పోయింది అన్నా. కొత్తది పెట్టుకోవాలె. ఓటీపీ నీ ఫోన్‌కే వస్తది.”

సురేశ్ గొంతు తగ్గించి అడిగాడు. “మొన్న పొద్దుమీకి నేను గిక్కడ కొన్ని సూసిన. గవి గూడ పోయినయా?”

“పోయినయి.”

“ఎవ్వరికీ కనబడవా?”

“ఎవ్వరికీ.”

మెడలో తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఫోన్‌లో ఓటీపీ మోగింది.

“జర అటు తిరుగు చెల్లే” అన్నాడు.

స్రవంతి గోడవైపు తిరిగింది.